తోకలేని పిట్టకు ముస్తాబు

ఉత్తరాల కవర్లను రంగులతో, కాగితపు ముక్కలతో అలంకరించి పంపేవారి సందేహాలకు ఈసారి జవాబులు. విశాఖపట్నంలో తపాలా కౌంటరు వెనుక కూర్చుని విరమణ పొందిన దానిని; నా చూపు కళ మీద సగం, చిరునామా మీద సగం ఉంటుంది.

ప్రశ్న: ఎర్రమట్టి దిబ్బల మట్టి, ఆర్కే బీచ్ ఇసుక జిగురుతో కవరుకు అంటించి బెంగళూరులోని చెల్లెలికి పంపాను. చేరేసరికి సగం రాలిపోయిందట, మిగిలినచోట తడి మరకలట. ఎందుకిలా? – ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: ముందు మట్టి సంగతి తేల్చుకుందాం తల్లీ. భీమిలి దారిలోని ఆ దిబ్బలు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం. గుప్పెడే కదా అని మీరు, గుప్పెడే కదా అని ఇంకొకరు తీసుకుంటూ పోతే ఏం మిగులుతుంది? చూసి రండి, తేవద్దు. ఆ రంగే కావాలంటే అరుగులకు పూసే జాజు కొనండి. మెత్తగా నూరి, నీళ్లలో నానబెట్టి వడకట్టిన తుమ్మజిగురులో కలిపి కుంచెతో పలుచగా పూయండి. ఆరాక వేలితో రుద్దండి. ఎర్రగా అంటితే జిగురు చాలలేదు. మడతల దగ్గర పెచ్చులు లేస్తే జిగురు ఎక్కువైంది.

ఇక ఇసుక. మరకలకు కారణం దానిలోని ఉప్పు. అది గాలిలోని తేమను పీల్చి కాగితానికి ఎక్కిస్తుంది. మంచినీళ్లలో పలుమార్లు కడిగి ఆరబెడితే ఆ బాధ తగ్గుతుంది. అయినా కవరు పైన ఇసుక అంటించవద్దనే అంటాను. సంచిలో మీ కవరు ఒంటరిగా పోదు, పక్కవాళ్ల ఉత్తరాలను గీరుకుంటూ పోతుంది. ఎవరి ఉద్యోగపు కాగితమో దాని పక్కనే ఉండవచ్చు. పాత పళ్లబ్రష్షును గోధుమరంగులో ముంచి బొటనవేలితో మీటండి. పడే తుంపరలు చూసినవారు ఇసుకేనని తడిమి చూస్తారు.

ప్రశ్న: దళసరి వాటర్‌కలర్ కాగితంతో కవరు చేసి, జరీ అంచు ముక్క, ఒక బొత్తాం కుట్టి పంపాను. అయిదు రూపాయల తపాలా బిళ్ల అంటించినా స్నేహితుడి దగ్గర అదనంగా డబ్బు తీసుకున్నారు. – ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: తీసుకుంటారు బాబూ. అయిదు రూపాయలు 20 గ్రాముల వరకే. పైన ప్రతి 20 గ్రాములకూ మరో అయిదు. మామూలు 80 జీఎస్ఎమ్ (అంటే చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగేది) ఏ4 కాగితం 5 గ్రాములు తూగుతుంది. మీరు వాడినది 300 జీఎస్ఎమ్ అయితే అదే కొలత కాగితం సుమారు 19 గ్రాములు. లోపల ఉత్తరం పెట్టకముందే మీ బిళ్ల ఖర్చయిపోయింది! కవరుకు 100 జీఎస్ఎమ్ దాటవద్దు. పైన అంటించేవి పలుచగా ఉండాలి. జరీ అంచు పరవాలేదు, కానీ అంచులన్నీ అంటుకోవాలి, ఒక దారం లేచినా ఎక్కడో చిక్కుకుంటుంది. బొత్తాం మాత్రం మానేయండి. ముద్ర వేసేచోట ఎత్తుపల్లాలుంటే కాగితం చిరుగుతుంది.

మరొకటి, అడగకపోయినా చెబుతాను. మీ రంగులన్నీ వెనకవైపుకు నెట్టమని కాదు. ముందువైపు చిరునామాకు తెల్లని చోటు, పై కుడిమూల బిళ్లకు, ముద్రకు చోటు వదిలిపెట్టండి. ముదురు రంగు మీద, మెరిసే కాగితం మీద ముద్ర సరిగా కనిపించదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది మన కవరు దారి తప్పకుండా ఉండటానికే. ఆ ఆరు అంకెలను లతల మధ్య దాచేవారిని చూస్తే నాకు ఇప్పటికీ కోపమే. జెల్ పెన్ను వద్దు, వానకు పారుతుంది. బాల్‌పెన్నుతో రాసి, పైన కొవ్వొత్తి ముక్కతో ఒకసారి రుద్దండి. వాడేసిన పాత బిళ్లలు అలంకరణగా అంటిస్తే వెనకవైపే.

ప్రశ్న: పాత పెళ్లిపత్రికల మీది వినాయకుడి బొమ్మ కత్తిరించి వాడవచ్చా? – పెందుర్తి

జవాబు: వాడవచ్చు, నేనైతే వాడను. కవరు నేల మీద పడుతుంది, కాళ్ల కిందికీ వెళుతుంది. పత్రిక అంచుల్లోని మామిడిపిందెలు, లతలు కత్తిరించుకోండి.

ప్రశ్న: వానాకాలంలో మడత తనంతట తానే అంటుకుపోతోంది. – భీమిలి

జవాబు: మన సముద్రపుగాలి మహిమ! ముందుగా జిగురు పూసి దాచవద్దు, పంపే రోజునే పూయండి.

ప్రశ్న: పిల్లల చేతిపనిని కళ అంటావేమిటని మావారు నవ్వుతున్నారు. – ఎం.వి.పి. కాలనీ

జవాబు: న్యూయార్క్‌లో రే జాన్సన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. అతికించిన బొమ్మలను పోస్టులో పంపుతూ, దీనికి ఏదైనా జోడించి తిరిగి పంపమని రాసేవాడు. అలా తిరిగే ఉత్తరాలతో 1970లో అక్కడి విట్నీ మ్యూజియంలో ప్రదర్శనే జరిగింది. ఈ సంగతి మీవారికి నోటితో చెప్పకండి. ఆయన పేరిట ఒక కవరు చేసి, మీ ఇంటి చిరునామాకే పంపండి. సగం బొమ్మ మీరు వేసి, మిగతా సగం ఖాళీ వదలండి. డబ్బాలో వేయకుండా కౌంటరులో ఇచ్చి, ముద్ర కాస్త స్పష్టంగా వేయమని అడగండి. రద్దీ లేనప్పుడు వెళితే ఎవరూ కాదనరు.