12 వేలు కట్టేముందు ఒక్క మాట

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) రెండో ఏడాది చదువుతున్నాను. స్పెషలైజేషన్ మెడికల్ అండ్ సైకియాట్రిక్. ఒక సంస్థవాళ్లు 45 రోజుల ఆన్‌లైన్ కోర్సు చేస్తే 'లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్' అని సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఫీజు 12 వేలు. నాన్న కట్టేద్దామంటున్నారు. అది లేకపోతే ఆస్పత్రుల్లో తీసుకోరా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దు, మల్కాజిగిరి

జవాబు: కట్టకండి. నాన్నగారికి ఈ పేజీ చూపించండి.

ఆ బిరుదు అమెరికాది. అక్కడ ఒక్కో రాష్ట్రం తన చట్టం ప్రకారం ఇచ్చే లైసెన్స్ అది, 45 రోజుల కోర్సుతో చేతికొచ్చేది కాదు. మన దగ్గర మానసిక వైద్యం వరకూ చట్టంలో ఉన్న మాట 'సైకియాట్రిక్ సోషల్ వర్కర్'. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం దానికి అర్థం కూడా రాసిపెట్టింది: సోషల్ వర్క్‌లో పీజీ, దానిమీద సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్, అదీ యూజీసీ గుర్తించిన యూనివర్సిటీ నుంచి, సీనియర్ల పర్యవేక్షణలో క్లినికల్ ట్రైనింగ్‌తో, లేదా ప్రభుత్వం నిబంధనల్లో చెప్పిన వేరే అర్హత. అలాంటివాళ్ల పేర్లు నమోదు చేసుకుని జాబితా బయటపెట్టాల్సింది రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ. కాబట్టి ఆ సంస్థవాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి, మీ సర్టిఫికెట్ ఏ చట్టం కింద చెల్లుతుంది, నా పేరు ఏ రిజిస్టర్‌లో కనిపిస్తుంది అని. ఆ తర్వాత వాళ్లే ఫోన్ చేయడం మానేస్తారు.

ఇక అసలు చిక్కు ఎంఫిల్ దగ్గర ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఎంఫిల్‌ని తీసేయమంది, తర్వాత యూజీసీ ఆపేసింది. అయితే క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఈ రెండింటికి మాత్రం 2025-26 విద్యాసంవత్సరం దాకా గడువు పొడిగించింది. అందుకని మానసిక వైద్య సంస్థలైన బెంగళూరు నిమ్హాన్స్ అయినా, రాంచీ సీఐపీ అయినా, ఇంకెక్కడైనా సరే, అప్లై చేసేముందు మీరు చేరే బ్యాచ్‌కి ఏ డిగ్రీ ఇస్తారు, దానికి గుర్తింపు ఉందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. నోటిమాట నమ్మొద్దు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం షెడ్యూల్లో క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లు ముగ్గురి పేర్లూ ఉన్నాయి, మీ వయసువాళ్లు దానిమీద కూడా ఓ కన్నేసి ఉంచాలి.

రెండేళ్ల ట్రైనింగ్ ఎందుకంటారా? నేను కొత్తలో ఒక కుర్రాడి కేసు షీట్లో "పేషెంట్‌కి కోపం ఎక్కువ" అని రాశాను. మా సూపర్‌వైజర్ ఎర్ర పెన్నుతో గీత కొట్టి పక్కన "ఎవరు చెప్పారు?" అని రాశారు. ఉక్రోషంతో మళ్లీ వార్డుకెళ్లి అడిగితే, చెప్పింది వాళ్లన్న. తల్లిని పక్కకి పిలిచి అడిగా. మాత్ర మింగితేగానీ తిననివ్వనంటూ ఆ అన్నే రోజూ రాత్రి అన్నం కంచం లాగేస్తాడట, ఈ పిల్లాడి కేకలన్నీ అప్పుడేనట. నేను వారం రోజులుగా పేషెంట్‌తో మాట్లాడుతున్నా, మాట్లాడాల్సింది అన్నతో. ఆన్‌లైన్‌లో వీడియోలు చూస్తే ఆ ఎర్ర గీత కొట్టేదెవరు?

ఈలోగా ఎంఎస్‌డబ్ల్యూతోనే చాలా ఆస్పత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్‌గా, డీ-అడిక్షన్ సెంటర్లలో, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్‌లో చేరొచ్చు. 'క్లినికల్' అని మాత్రం పేరు పక్కన ఇప్పుడే తగిలించుకోకండి.

ప్రశ్న: మా చెల్లెలు ఉస్మానియాలో ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఆరేళ్లు ఇక్కడే ఆస్పత్రిలో పనిచేసింది. పెళ్లయి డల్లాస్ వెళ్తోంది. అక్కడ లైసెన్స్ కావాలంటే మళ్లీ మొదట్నుంచి చదవాలా?
- ఒక అన్నయ్య, ఎల్‌బీ నగర్

జవాబు: చదవాల్సి రావచ్చు, రాకపోవచ్చు. ముందు అక్కడి కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్‌కి మార్కుల మెమోలు, సిలబస్ పంపి, డిగ్రీ అక్కడి ఎంఎస్‌డబ్ల్యూకి సమానమని తేల్చుకోవాలి. వాళ్ల ఎంఎస్‌డబ్ల్యూలో ఫీల్డ్‌వర్క్ కనీసం 900 గంటలు. అందుకే విమానం ఎక్కకముందే కాలేజీకి వెళ్లి ఫీల్డ్‌వర్క్ గంటల లెక్క లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోమనండి. అక్కడికెళ్లాక ఇక్కడి కాలేజీ ఆఫీసుకి ఫోన్లు చేసి ఆ కాగితం తెప్పించుకోవడం ఎంత నరకమో నాకు ఉత్తరాలు రాసేవాళ్లని అడిగితే తెలుస్తుంది.

డిగ్రీ ఒప్పుకున్నాక టెక్సస్‌లో మొదట ఎల్‌ఎంఎస్‌డబ్ల్యూ (లైసెన్స్‌డ్ మాస్టర్ సోషల్ వర్కర్) లైసెన్స్, దానికో పరీక్ష, రాష్ట్ర చట్టాల మీద ఇంకో పరీక్ష. ఆ తర్వాత బోర్డు ఒప్పుకున్న సూపర్‌వైజర్ కింద 3,000 గంటల క్లినికల్ పని, అందులో 100 గంటలు సూపర్‌వైజర్‌తో కూర్చోవడం, మొత్తం 24 నెలలకి తగ్గకుండా. అది పూర్తయ్యాక క్లినికల్ పరీక్ష పాసైతే ఎల్‌సీఎస్‌డబ్ల్యూ, అంటే పైన చెప్పిన 'లైసెన్స్‌డ్ క్లినికల్ సోషల్ వర్కర్'. ఇక్కడి ఆరేళ్లు ఆ 3,000 గంటల్లో కలవవనుకునే దిగమనండి. బావగారికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వస్తే అక్కడి బోర్డు వేరు, రాష్ట్ర చట్టాల పరీక్ష వేరు.

ఇంకోటి, వెళ్లేది హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకిచ్చే వీసా) మీదైతే వర్క్ పర్మిట్ లేకుండా జీతం మీద పనిచేయకూడదు. చాలామంది పరీక్షల పుస్తకాలు కొనేశాక ఈ సంగతి తెలుసుకుంటున్నారు.

ప్రశ్న: డాక్టర్‌గారు మా అమ్మని సోషల్ వర్కర్ దగ్గరికి పంపారు. ఆవిడ మందులు రాస్తారా?
- బోయిన్‌పల్లి

జవాబు: రాయరు. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, అమ్మకి మందులు ఎవరిస్తారు, ఖర్చు ఎలా, ఇవన్నీ అడుగుతారు. పెన్షన్, వికలాంగుల సర్టిఫికెట్ లాంటివాటికి దారి చెప్తారు. ఈసారి మీరూ వెంట వెళ్లండి, పాత చీటీలన్నీ పట్టుకుని.