మేలో అరకు ట్రిప్‌కు కుక్కను తీసుకెళ్లాలా? గొలుసు ఎవరు పట్టుకుంటారో ముందు తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: మే రెండో వారంలో కరీంనగర్ నుంచి కారులో వైజాగ్, అక్కడి నుంచి అరకు, మొత్తం ఐదు రోజులు. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తమ్మ, వీళ్లకు తోడు రెండేళ్ల ల్యాబ్రడార్. అది రాకపోతే మేమూ రామని పిల్లలు మొండికేశారు.

నేనైతే ఈ ట్రిప్‌కు తీసుకుపోను. ఎందుకో చెప్పాలంటే మా బొగ్గు సంగతి చెప్పాలి.

బొగ్గు నాటు కుక్క. మా ఆయన భూపాలపల్లిలో పనిచేసినప్పుడు సింగరేణి క్వార్టర్ల దగ్గర దొరికిన నల్ల పిల్ల, అందుకే ఆ పేరు. ఇప్పుడు హన్మకొండలో మాతోనే ఉంటుంది. మూడేళ్ల కిందట డిసెంబరులో రామప్ప గుడి, లక్నవరం చెరువు కలిపి రెండు రోజుల ట్రిప్ పెట్టుకున్నాం. మేమూ మీలాగే ఐదుగురం: నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా మామ. దాన్నొక్కదాన్ని ఎట్లా వదిలిపెడతామని జాలిపడి కారెక్కించాం.

దారిలో ఆకలేస్తుందేమోనని బయల్దేరే ముందు కడుపునిండా పెరుగన్నం పెట్టాను. ములుగు రాకముందే ఆ పెరుగన్నమంతా మా మామ తెల్ల పంచె మీదికి వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. అద్దం దించి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది. తర్వాత పశువుల డాక్టరును అడిగితే, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే తిండి ఆపేయాలి, నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా తాగించాలి అన్నాడు. వాంతులు కాకుండా గోలీ కావాలంటే కుక్క బరువు చూసి ఆయనే రాసిస్తాడు. మన గోలీలు మనకు తోచినట్టు వేయొద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి.

రామప్ప గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. వాళ్ల తప్పేం లేదు. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లోకి జంతువులను తేకూడదని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. వేయిస్తంభాల గుడికైనా అంతే. ఆ ముక్క నేను ముందే తెలుసుకోవాల్సింది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి పోదాం పోదాం అని ఇంట్లో అందరి వెంట పడింది నేనే. చివరికి అక్కడి మదనికలను, అదే ఆ స్త్రీ శిల్పాలను, మా పాప ఫోన్‌లో తీసిన ఫొటోల్లో చూశాను. "నువ్వు పోయిరా, నేనుంటా" అని మా ఆయన అన్నాడు, అబద్ధం చెప్పకూడదు. కానీ అప్పటికే ఊరి కుక్కలు నాలుగైదు చుట్టూ చేరాయి, బొగ్గు నా చీర కుచ్చిళ్లలోంచి బయటికి రాలేదు.

లక్నవరంలో వేలాడే వంతెన మీద పది అడుగులు వేసిందో లేదో, వంతెన ఊగగానే నాలుగు కాళ్లూ పరిచి పడుకుంది. వెనక జనం ఆగిపోయారు. పదిహేను కిలోల కుక్కను భుజానేసుకుని మా ఆయన వెనక్కి నడిచాడు. మీ ల్యాబ్ ముప్పై కిలోల దాకా ఉంటుంది కదా, ఊహించుకోండి. రాత్రికి గది దగ్గర ఇంకో తమాషా. ఫోన్లో "కుక్క ఉన్నా పర్లేదు" అన్నవాళ్లు దాన్ని చూడగానే "చిన్న జాతి అనుకున్నాం మేడమ్" అన్నారు. మా ఆయన, బొగ్గు అద్దాలు కొంచెం దించుకుని కారులోనే పడుకున్నారు. చలికాలం కాబట్టి గడిచింది. అప్పటి నుంచి గది ఎక్కడ తీసుకున్నా కుక్క ఫొటో, బరువు వాట్సాప్‌లో పంపి, సరేనని రాసి పంపమంటున్నాను.

"అందరం కలిసి చూసుకుంటాం" అని మీరు రాశారు. మేమూ అదే అనుకున్నాం. మా ఇంట్లో అందరూ అంటే నేనే. గొలుసు చేతిలో ఉన్న మనిషికి సెలవు ఉండదు. బొర్రా గుహలు, సింహాచలం, దారిలో టిఫిన్, మధ్యాహ్నం భోజనం, ప్రతిచోటా ఒకరు బయట ఉండాలి. ఆ ఒకరు ఎవరో ఇంట్లో అందరి ముందు పేరు పెట్టి అడగండి. పిల్లలు చేయి ఎత్తితే లెక్కలోకి తీసుకోకండి.

ఇక మే నెల. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొంచెం పడుతుంది, మిగతా వేడంతా నాలుక చాపి రొప్పడంతోనే పోవాలి. బయటి గాలే నిప్పులా ఉంటే ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 105 దాటిందంటే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. అరకులో చల్లగానే ఉంటుందిలే అంటారేమో. అరకు చేరేదాకా దారి చల్లగా ఉండదు కదా. ఎండ నలభై ఉన్న రోజు కారు ఆపి తలుపులు వేస్తే అరగంటలో లోపల యాభై దాటుతుంది, అద్దాలు కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. అంటే మీరు ఇడ్లీ తినేంతసేపూ ఒకరు ఏసీ వేసుకుని కారులో కూర్చోవాలి. అందులోనూ ఐదుగురు మనుషులు, సామాను. మీ అత్తమ్మ కాళ్లు ఎక్కడ చాపుకుంటుంది?

రైలు అనుకుంటే అదీ తేలిక కాదు. ఫస్ట్ ఏసీలో ఇద్దరి కూపే గానీ నలుగురి క్యాబిన్ గానీ మొత్తం మీ పేరనే ఉంటేనే వెంట రానిస్తారు. పార్సిల్ ఆఫీసులో దానికి వేరే బుకింగ్ చేయాలి, టీకాల కార్డు చూపించాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లో అసలు కుదరదు. గార్డు పెట్టెలో కుక్కల కోసం డబ్బా ఉంటుంది కానీ, మే ఎండలో అందులో పెట్టడానికి నాకు మనసొప్పదు.

పోనీ దగ్గర్లో జన్నారం వైపు పోదామా అంటే, అది కవ్వాల్ పులుల అడవి. కుక్కతో లోపలికి పంపరు, పంపకపోవడమే మంచిది. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో సింహాలు చనిపోయినప్పుడు బయటపడింది కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరసే.

అసలెప్పుడూ తీసుకుపోవద్దని కాదు. రెండేళ్ల కిందట దసరాకు పరకాల దగ్గర మా అమ్మగారి ఊరికి బొగ్గును తీసుకుపోయాం. గంట ప్రయాణం, గేటున్న పెద్ద వాకిలి, మనిషికొక పని ఉన్నా ఎవరో ఒకరు ఇంట్లోనే ఉంటారు. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి డీజే మోతకు మంచం కిందికి దూరి తెల్లారేదాకా బయటికి రాలేదు, అది తప్ప దానికి అంత మంచి సెలవులు మళ్లీ రాలేదు. మీకూ చలికాలంలో అలాంటి ఊరి ప్రయాణం ఉంటే ల్యాబ్‌ను తప్పకుండా తీసుకుపోండి. రేబిస్ టీకా తేదీ చూసుకుని, మెడ పట్టీకి ఫోన్ నంబరు కట్టండి చాలు.

వదిలి వెళ్లడం కూడా నేను మొదటిసారి సరిగా చేయలేదు. డబ్బులు తీసుకుని కుక్కలను ఉంచుకునే చోట నాలుగు రోజులు పెట్టాం. తిరిగొచ్చేసరికి చెవుల నిండా పిడుదులు, వారం తర్వాత జ్వరం. పిడుదుల జ్వరానికి రక్త పరీక్ష, మందులు, నెల రోజులు అదే పని. మీరు అలాంటి చోటు చూస్తే మధ్యాహ్నం పూట చెప్పకుండా వెళ్లండి. కూలరు తిరుగుతోందా, నీళ్ల గిన్నెలు నిండుగా ఉన్నాయా, అన్నిటికంటే ముందు మీ కుక్క టీకాల కార్డు వాళ్లు అడిగారా చూడండి. అడగలేదంటే పక్క కుక్కదీ అడగలేదన్నమాట. ముందుగా ఒక రాత్రి ఉంచి చూడండి.

మాకు చివరికి దారి చూపింది మా మామే. పోయిన ఏడాది ఊటీకి టికెట్లు తీస్తుంటే "నాకు ఆ గుట్టలు గిట్టలు ఎందుకు బిడ్డా, నేనూ బొగ్గూ ఇంటికాడ ఉంటం" అన్నాడు. పంచె సంగతి గుర్తొచ్చి కాస్త సిగ్గుపడ్డాను. మీ అత్తమ్మకు కూడా ఘాట్ రోడ్డు, మెట్లు ఇష్టం లేకపోవచ్చు. అడిగి చూడండి, కానీ కుక్కకు కాపలా పెడుతున్నట్టు ఆమెకు అనిపిస్తే మాత్రం అడగకపోవడమే మేలు. ఆమె వస్తానంటే, కుక్క ఇప్పటికే గుర్తుపట్టే బంధువుల పిల్లవాడినో పక్కింటివాళ్లనో మీ ఇంటికే రమ్మనండి. ఇల్లు మారకపోతే దానికి సగం టెన్షన్ తగ్గుతుంది. మీరు కప్పుకున్న దుప్పటి ఒకటి ఉతక్కుండా దాని దగ్గర వదలండి.

ఊటీ వెళ్లిన మొదటి రాత్రి మామ ఫోన్ చేసి, "ఇది గేటు కాడనే పంటున్నది, అన్నం ముడ్తలేదు" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున మళ్లీ ఫోన్. "కోడిగుడ్డు కలిపి పెట్టిన, తిన్నది. ఇప్పుడు నా మంచమెక్కి పన్నది, దిగుతలేదు, నేనేడ పండాలె?"