సెల్ సేవర్‌తో సొంత రక్తమే తిరిగి ఎక్కిస్తే గడ్డకట్టడం తగ్గుతుందా?

మీ నాన్నగారికి వెన్నెముక ఆపరేషన్ ఉందని, కారిన రక్తాన్నే శుభ్రం చేసి తిరిగి ఎక్కిస్తామని డాక్టర్లు చెప్పారని రాశారు. అలా ఎక్కిస్తే రక్తం గడ్డకట్టదని బంధువులెవరో అనేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. నేను అనస్థీషియా టెక్నీషియన్‌ని, ఆ పని చేసే సెల్ సేవర్ మెషిన్‌ని తొమ్మిదేళ్లుగా థియేటర్లో నడుపుతున్నాను. మీ బంధువుల మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే అది రక్తం ఎంత పోయిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

సక్షన్ గొట్టంలోకి వచ్చిన రక్తం దారిలోనే గడ్డకట్టకుండా హెపారిన్ కలిపిన సెలైన్ చుక్కచుక్కగా పడుతూ ఉంటుంది. సాధారణంగా లీటరుకు 30,000 యూనిట్లు కలుపుతాం. వడపోత అయ్యాక ఆ రక్తం వేగంగా తిరిగే గిన్నెలోకి వెళ్తుంది. బరువైన ఎర్రకణాలు అంచున నిలిచిపోతాయి. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం), ప్లేట్‌లెట్లలో చాలా భాగం, హెపారిన్ వేస్ట్ బ్యాగులోకి పోతాయి. ఆపైన లీటరో, లీటరున్నరో సెలైన్‌తో కడుగుతాం. చివరికి బ్యాగులో మిగిలేది సెలైన్‌లో ఉన్న ఎర్రకణాలే. గడ్డకట్టించే ఫ్యాక్టర్లు, గడ్డకు పోగులు అల్లే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ అన్నీ ప్లాస్మాతోనే వెళ్లిపోయాయి.

అరలీటరో, ముప్పావు లీటరో పోయినప్పుడు దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు. పెద్దవాళ్ల ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది, మిగిలిన ప్లాస్మా సరిపోతుంది. పోయింది మూడు, నాలుగు లీటర్లు దాటితేనే సంగతి మారుతుంది.

నా అనుభవంలో ఒక కేసు మర్చిపోలేను. అదీ వెన్నెముక ఆపరేషనే. నాలుగు లీటర్ల దాకా రక్తం పోయింది, మెషిన్ 1,300 మిల్లీలీటర్లు తిరిగి ఇచ్చింది. హిమోగ్లోబిన్ 9.8 ఉందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ అప్పటిదాకా పొడిగా ఉన్న గాయం అంచుల్లోంచి కూడా రక్తం సన్నగా ఊరడం మొదలైంది. సక్షన్‌లోకి గడ్డలే రావడం లేదు. ఆ మాట ముందు అన్నది సర్జనే. వెంటనే పరీక్షకు పంపితే ఫైబ్రినోజెన్ 110 వచ్చింది, ఉండాల్సింది 200 నుంచి 400. ప్లేట్‌లెట్లు 62,000. క్రయో (ప్లాస్మా నుంచి తీసిన, ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే భాగం), ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎక్కించాక అరగంటకు గాయం పొడిబారింది. మనిషి కోలుకుని ఇంటికి వెళ్లారు. ఆ రోజు నుంచి హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి నేను నిశ్చింతగా ఉండను.

హెపారిన్ భయం మాత్రం పెద్దగా అక్కర్లేదు. సరిగ్గా కడిగితే దాదాపు అంతా పోతుంది. తొందరలో కడగడం తగ్గిస్తేనే ప్రమాదం, అందుకే ఎవరు ఎంత తొందరపెట్టినా నేను ఆ సెలైన్ కొలత తగ్గించను. ఇంకో సంగతి, రక్తం ఆగడానికి గాయంలో వేసే త్రాంబిన్, కొల్లాజెన్ లాంటివి ఈ సక్షన్‌లోకి రాకూడదు. వస్తే తిరిగి ఒంట్లోకి వెళ్లి రక్తనాళాల్లో గడ్డలు కట్టించే ప్రమాదం ఉంది. అవి వాడేటప్పుడు వేరే సక్షన్ పెడతారు.

మోకాలి ఆపరేషన్ తర్వాత డ్రెయిన్‌లోకి కారిన రక్తాన్ని కడగకుండా, వడకట్టి ఎక్కించే పద్ధతి వేరు. అందులో ఫైబ్రిన్ ముక్కలు, పగిలిన ఎర్రకణాల హిమోగ్లోబిన్ ఉంటాయి. నాకైతే కడిగిన రక్తం మీదే నమ్మకం.

నాన్నగారు రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి. అనస్థీషియా డాక్టరుగారిని రెండు విషయాలు అడగండి: రక్తం ఎక్కువగా పోతే మధ్యలో ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు చూస్తారా, ప్లాస్మా, క్రయో బ్లడ్ బ్యాంకులో సిద్ధంగా ఉంటాయా అని. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇస్తారేమో కూడా కనుక్కోండి. ఆపరేషన్ అయ్యాక ఎలా ఉన్నారో ఇక్కడే రాయండి, చూస్తుంటాను.