బాగున్న రోజుల్లో మాత్ర మానొద్దు, చిన్నోడా

కావలి

చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నీకు కొలనోస్కోపీ, అంటే గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేశారనీ, అల్సరేటివ్ కోలైటిస్ అని తేలిందనీ మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఆ జబ్బుతో నేను పంతొమ్మిదేళ్లుగా బతుకుతున్నా. ఇలాంటివి ఫోన్లో సగం చెప్పలేం, పక్కన ఎవరో ఒకరు ఉంటారు. అందుకే రాస్తున్నా.

బయట తిళ్లు తినబట్టి వచ్చిందని ఇంట్లో ఎవరన్నా అంటే మనసుకు తీసుకోకు. ఇది కారం వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పెద్దపేగు లోపలి పొర మీద తిరగబడుతుంది. అక్కడ వాచి, పుండ్లు పడి, నెత్తురు, జిగట పడతాయి. నేనైతే ఏడాదిన్నర పాటు అది మూలశంకే అనుకుని నాటు మందు మింగుతూ కూర్చున్నా. అప్పుడు ఒంగోలు రూట్లో కండక్టర్ని. ఒకరోజు ఉలవపాడు దాటాక ఆగలేక బస్సు ఆపించి, టికెట్ల సంచి డ్రైవరు ఒళ్లో పెట్టి మామిడి తోటలోకి పరుగెత్తా. తిరిగొచ్చేసరికి బస్సంతా నిశ్శబ్దంగా ఉంది. ముందు సీట్లో ముసలమ్మ తన నీళ్ల సీసా నా చేతిలో పెట్టింది. ఆ వారమే నెల్లూరు వెళ్లి పరీక్షలు చేయించుకున్నా.

అసలు చెప్పాల్సిన సంగతి ఇది. మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు నీకు హాయిగా ఉంటుంది. రోజుకు ఒక్కసారే వెళ్తావు, నెత్తురు కనిపించదు. జబ్బు పోయిందనిపిస్తుంది. పోలేదురా, నిద్రపోయింది. నాకూ అలాగే అనిపించి ఒక సంక్రాంతికి మెసలమైన్ మాత్రలు, అదే పేగు వాపు తగ్గించే మందు, ఆపేశా. ఉగాది వెళ్లేసరికి మళ్లీ నెత్తురు. ఈసారి మొదటిదానికంటే గట్టిగా పట్టుకుంది, పదకొండు కిలోలు తగ్గా. బాగున్నప్పుడు వేసుకునే మాత్రే దాన్ని నిద్రలో ఉంచుతుంది. ఆ మాత్రను నమలకు, విరవకు. పేగు దాకా వెళ్లి విడిపోయేలా పైన పూత వేసుంటారు. ఏడాదికోసారి కిడ్నీ రక్త పరీక్ష చేయించుకో, ఈ మందు వాడేవాళ్లకు అది అవసరం.

మలద్వారంలోంచి పెట్టుకునే మందు రాసిస్తే సిగ్గుపడి మూల పడెయ్యొద్దు. పేగు చివర పుండ్లకు అది చాలా బాగా పనిచేస్తుంది. ఎనీమా, అంటే అక్కణ్నుంచి పేగులోకి ఎక్కించే ద్రవం మందు, అయితే పడుకోబోయే ముందు, ఎడమ పక్కకు ఒత్తిగిలి, కుడి మోకాలు పొట్ట వైపు ముడుచుకుని పెట్టుకో. ఆ తర్వాత ఓ అరగంటన్నా లేవకు. మొదటి నాలుగు రోజులు కష్టం, తర్వాత అలవాటవుతుంది.

జబ్బు ఎగదన్నినప్పుడు వాపును గట్టిగా అణిచే స్టెరాయిడ్ మందు ఇస్తారు. నాకు 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున తగ్గించారు. ముఖం ఉబ్బింది, రాత్రుళ్లు నిద్ర లేదు. అయినా దాన్ని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకూడదు. ఆ మందు వాడినన్నాళ్లూ ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ తయారు చేసుకోవడం తగ్గిస్తుంది. అది మళ్లీ మొదలవ్వాలంటే నెమ్మదిగానే దిగాలి.

ఇంకోటి, ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనుక్కోవద్దు. అవి నిద్రపోతున్నదాన్ని లేపగలవు. జ్వరానికైనా నొప్పికైనా పారాసెటమాల్ చాలు. నెత్తురు తగ్గి ఐరన్ మాత్రలిస్తే విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే.

తిండి సంగతికొస్తే, పేగు మంట మీద ఉన్న రోజుల్లో మెత్తటి అన్నం, పెసర కట్టు, చెక్కు తీసిన బీరకాయ, ఇడ్లీ, అరటిపండు. గోంగూర, పచ్చి ఉల్లిపాయ, వేరుశనగపప్పు అప్పుడు వద్దు. పాలు పడకపోతే మానుకో. కానీ నిమ్మళించాక ఒక్కొక్కటే తిరిగి తినాలి. జీవితాంతం పథ్యమని చప్పిడి కూడు తింటే బలం పోతుంది. మీ పెద్దమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టిందంటే నేను మానను. ముక్కలు ఎక్కువ, పులుసు తక్కువ వేసుకుంటా. ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏం తిన్నావో, ఎన్నిసార్లు వెళ్లావో రాయి. నాకు పడనిది నీకు పడొచ్చు.

నువ్వు రోజూ ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లి రావాలి కదా. సంచిలో ఒక జత బట్టలు, టిష్యూలు, నీళ్ల సీసా ఉంచుకో. ఆఫీసులో ఒక్కరికైనా విషయం చెప్పు. డిపోలో నేను చెప్పేదాకా పడ్డ టెన్షన్ జబ్బుకంటే ఎక్కువ బాధపెట్టింది. చెప్పాక స్టాండులోనే డ్యూటీ వేశారు. దూర ప్రయాణమైతే బస్సు వద్దు, రైలెక్కు.

రోజుకు ఆరు సార్లో అంతకు మించో నెత్తురుతో వెళ్తూ, జ్వరమో గుండె దడో ఉంటే తెల్లారేదాకా ఆగకు, ఆ పూటే ఆస్పత్రికి పో. కళ్లు ఎర్రబడి నొప్పెట్టినా, కీళ్లు వాచినా డాక్టరుకు చెప్పు, అవీ దీనికి సంబంధించినవే కావచ్చు. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటాక, బాగున్నా సరే, డాక్టరు చెప్పిన లెక్కన మళ్లీ మళ్లీ కొలనోస్కోపీ చేయించుకోవాలి. పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం మనకు కాస్త ఎక్కువ, ముందే కనిపెడితే నయం చేయొచ్చు. నేను తప్పకుండా వెళ్తున్నా.

పెళ్లి సంగతి మీ అమ్మ అడిగింది. దాచకుండా చెప్పి చేసుకోమన్నా. మీ పెద్దమ్మకు నేను అలాగే చెప్పా.

వచ్చే ఆదివారం రిపోర్టులన్నీ, మందుల చీటీలతో సహా తీసుకుని రా. ఏ మందు ఎప్పుడు మొదలైందో వరసగా ఒక కాగితం మీద రాసిపెడదాం. ప్రతి డాక్టరూ మొదట అడిగేది అదే.

మీ పెదనాన్న