ఓజిబ్వే చిత్రాల స్టిక్కర్లు కొనవచ్చా? ముందు దాని మీద పేరుందేమో చూడండి

"ఉత్తర అమెరికా ఆదివాసులైన ఓజిబ్వే ప్రజల జీవితాన్ని చూపే పాతకాలపు చిత్రాలను వినైల్ స్టిక్కర్లుగా అమ్ముతున్నారు. కాలేజీలో చేరబోతున్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ కోసం కొందామనుకుంటున్నాను, కొనదగినవేనా?" అని అడిగారు. చాలా ఏళ్లుగా మినియాపోలిస్ పరిసరాల్లో ఉంటూ, వీలు చిక్కినప్పుడల్లా సుపీరియర్ సరస్సు తీరానికి వెళ్లివచ్చే మనిషిని కనుక నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. తప్పకుండా కొనండి. అయితే చిత్రకారుడెవరో, బొమ్మలోని మనిషెవరో, ఎక్కడ, ఏ సంవత్సరంలో గీశారో ఒక్క ముక్కా చెప్పని స్టిక్కరును మాత్రం, అదెంత అందంగా ఉన్నా, కొనవద్దు.

ఈ పట్టుదల నాకు ఆ సరస్సు ఒడ్డునే ఉన్న డులూత్ నగరంలో కలిగింది. అక్కడ 1892లో కట్టిన పాత రైల్వే స్టేషను భవనంలో ఈస్ట్‌మన్ జాన్సన్ అనే అమెరికన్ చిత్రకారుడి బొమ్మలను చూశాను. ఆయన 1856లోనూ, 1857లోనూ ఈ తీరానికి వచ్చి, ఆఫ్రికన్, ఓజిబ్వే మూలాలు రెండూ ఉన్న స్టీఫెన్ బొంగాను దారి చూపడానికి వెంటబెట్టుకుని తిరిగి, గ్రాండ్ పోర్టేజ్ అనే చోట ఓజిబ్వే ప్రజలను ఎదుట కూర్చోబెట్టుకుని గీశాడు. అంతకు కొద్దికాలం ముందే, 1854 నాటి లా పాయింట్ ఒప్పందంతో ఆ ఉత్తర తీరపు భూమి అమెరికా ప్రభుత్వం చేతికి వెళ్లిపోయి, వాళ్లకు రిజర్వేషన్లు, అంటే వాళ్లకోసం కేటాయించిన కొద్దిపాటి భూములు మాత్రమే మిగిలాయి. జాన్సన్ ఆ బొమ్మలను అమ్ముకోకుండా 1906లో చనిపోయేవరకు తన దగ్గరే ఉంచుకున్నాడు. 1908లో అవి డులూత్‌కు చేరాయి.

బొగ్గుతో గీసిన ముఖచిత్రాల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. కనురెప్పల కింది నీడను, పెదవుల అంచును ఎంతో ఓపికగా దిద్దిన చెయ్యి, భుజాల దగ్గరికి వచ్చేసరికి కొద్దిపాటి గీతలతో ఆగిపోతుంది. చిత్రకారుడి ధ్యాసంతా ఎదుట ఉన్న మనిషి మీదే ఉందని దాన్నిబట్టే తెలుస్తుంది. వాటికి "ఓజిబ్వే స్త్రీ", "ఓజిబ్వే పురుషుడు" వంటి పేర్లు పెట్టి ఊరుకోకుండా, షా వెన్ నె గన్, నోటిన్ ఎ గార్బొవిక్ అంటూ ఆ మనుషుల పేర్లనే తన చెవికి వినిపించినట్టుగా రాసిపెట్టాడు.

ఆ సాయంత్రమే సరస్సు ఒడ్డున ఒక జ్ఞాపికల దుకాణంలో, గుండ్రంగా తిరిగే స్టాండు మీద, పొద్దున చూసిన ముఖాల్లో ఒకటి నాకు స్టిక్కరుగా కనిపించింది. బూడిదరంగు బొగ్గు గీతలకు పాతకాలపు కళ రావాలని కాబోలు గోధుమరంగు పూత పూశారు. చుట్టూ ఉన్న ఖాళీ కాగితాన్ని తీసేసి, జుట్టు అంచు వెంట కత్తిరించి, అడుగున పెద్ద అక్షరాలతో "ఇండియన్ మెయిడెన్" (ఆదివాసి కన్య) అని అచ్చువేశారు. ఇది ఎవరి బొమ్మ అని అడిగితే, పాత చిత్రమేనండీ, కాపీరైటు గొడవ లేదు అని జవాబు వచ్చింది. ఆ మాట నిజమే. కాపీరైటు తీరిపోయిన చిత్రానికి యథాతథంగా తీసిన ఫొటో మీద కొత్త హక్కులేవీ పుట్టవని న్యూయార్కులోని ఫెడరల్ కోర్టు 1999లోనే చెప్పింది. కానీ నేను అడిగింది హక్కుల గురించి కాదు, ఆ మనిషి గురించి. నూట అరవై ఏళ్లకు పైగా నిలిచిన పేరును ఒక దుకాణం కత్తెరతో తీసేసిందంటే నాకు చాలా బాధ కలిగింది. వెనక అట్ట మీద బార్‌కోడుకు చోటు దొరికినప్పుడు పేరుకు ఎందుకు దొరకదు?

ఇంకొక బాధ కూడా ఉంది. గుర్రాలూ, అడవిదున్నల వేటా, తోలు గుడారాలూ ఉన్న మైదాన ప్రాంతపు బొమ్మలన్నిటికీ ఓజిబ్వే అని పేరు తగిలించేస్తున్నారు. పడమటి మైదానాలకు వెళ్లి స్థిరపడిన ఓజిబ్వే వాళ్లూ ఉన్నారు, చిత్రకారుడు జార్జ్ కేట్లిన్ 1832లో గీసిన షా-కో-పే వాళ్ల నాయకుడే. అయినా పెద్ద సరస్సుల దగ్గరి జీవితం వేరు. భూర్జపత్రపు బెరడు కప్పిన గుడిసెలు, అదే బెరడుతో చేసిన పడవలు, వసంతంలో మేపుల్ రసం కాచి చక్కెర తీయడం, వేసవి చివర నీటిలో పెరిగే అడవి వరి కోత, ఇవీ ఆ జీవితపు గుర్తులు. ఒకరు గడతో పడవను నడుపుతుంటే, మరొకరు ఒక కర్రతో వెన్నులను పడవలోకి వంచి రెండో కర్రతో మెల్లగా తట్టి గింజలు రాలుస్తారు. నీళ్లలో పడిన గింజలే మరుసటి ఏటికి విత్తనాలవుతాయి. ఆ కోత ఇప్పటికీ సాగుతోంది, మిన్నెసోటా నిబంధనల ప్రకారం ఆ కర్రలు 30 అంగుళాలు దాటకూడదు. సెత్ ఈస్ట్‌మన్ అనే సైనికాధికారి గీసిన వరికోత చిత్రాన్ని కూడా స్టిక్కర్ల మీద వేస్తుంటారు. ఆయన ఉద్యోగం డకోటా అనే మరో ఆదివాసి ప్రజల సీమలోని ఫోర్ట్ స్నెల్లింగ్ కోటలో, డకోటా వాళ్లూ ఆ వరి కోసేవారే, కాబట్టి వరి కనిపించినంత మాత్రాన అది ఓజిబ్వే చిత్రమైపోదు.

నాణ్యత సంగతికి వస్తే, పైన లామినేషన్ పొర ఉన్నదే తీసుకోండి, లేకపోతే ఎండకు రంగు వెలుస్తుంది. మూడంగుళాల లోపు స్టిక్కరులో బొగ్గు గీతల సున్నితత్వం నిలవదు, అంత చిన్నదైతే రంగుల చిత్రమే మేలు. చలికాలంలో బయటి నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ మీద వెంటనే అంటించకుండా, అది గది వేడికి వచ్చేవరకు ఆగమని అమ్మాయికి చెప్పండి.

పాత చిత్రాలతో పాటు ఓజిబ్వే చిత్రకారులు స్వయంగా వేసినవి కూడా చూడమని నా కోరిక. మిన్నెసోటాలోని రెడ్ లేక్ ఓజిబ్వే రిజర్వేషన్‌కు చెందిన పాట్రిక్ డెజార్లే 1946లోనే వరి, మేపుల్ చక్కెర పనులను చిత్రించాడు. మరో ఓజిబ్వే చిత్రకారుడు జార్జ్ మారిసన్ ప్రకృతి చిత్రాలతో అమెరికా తపాలా శాఖ 2022లో బిళ్లలు విడుదల చేసింది. అమ్మేవారు "ఆదివాసులు చేసినది" అని చెబితే ఏ తెగ, ఏ కళాకారుడు అని అడగండి. ఆ మాట అబద్ధంగా చెప్పి అమ్మడం 1990 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కాబట్టి నిజాయితీ గలవారు చెప్పడానికి వెనుకాడరు. పాత చిత్రమైతే మూల చిత్రం ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉందో కూడా ఈమెయిలులో అడిగి, సమాధానం వచ్చాకే డబ్బు కట్టండి.