వాడి పిల్లలు కూడా నాశనం కావాలని మొక్కడం పాపమా? నా సమాధానం

అక్కా, అధిక వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు కట్టించుకుని పారిపోయినవాడి పిల్లలు కూడా బాగుపడకూడదని మంగళవారం రాహుకాలంలో నిమ్మడిప్ప దీపం పెడుతున్నాననీ, అది పాపమేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు.

నేనూ ఇక్కడ చెన్నై వడపళనిలో, మా వీధి గుడిలో దుర్గమ్మ ముందు అలా కూర్చున్నదాన్నే, మా ఆయన ఆపరేషన్ డబ్బు తిన్నవాణ్ణి తలుచుకుంటూ వత్తి వెలిగిస్తుంటే చేతులు వణికి నూనె వేళ్ల మీద కారేది, ఇంటికొచ్చాక ముద్ద దిగేది కాదు.

కోపం తప్పు కాదక్కా. వాడు దొరకాలి, శిక్ష పడాలి, ఇంకొకరిని ముంచకూడదు అని గట్టిగా మొక్కుకోండి, అది న్యాయం అడగడమే. పిల్లల జోలికి మాత్రం వెళ్లొద్దు, వాళ్లేం చేశారు? భాగవతంలో తన ఐదుగురు కొడుకుల్ని నిద్రలో చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చి ముందు పడేస్తే, ద్రౌపది వాడి తల్లి కూడా తనలా ఏడవకూడదని విడిచిపెట్టమంది. అంత క్షమ నాకు లేదు, మీరూ బలవంతాన తెచ్చుకోనక్కర్లేదు. కానీ ఆ తల్లి గుర్తొస్తే నా నోట శాపం రాదు.

దీపంతో పాటు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, మీలా కట్టినవాళ్లతో కలిసి ఆర్థిక నేరాల విభాగం పోలీసుల దగ్గరికి వెళ్లండి. తమిళనాడులో డిపాజిటర్ల రక్షణకు 1997 చట్టం ఉంది, దాని కింద మోసం చేసినవాళ్ల ఆస్తులు జప్తు చేయొచ్చు. ఫిర్యాదు తమిళంలో రాయడం కష్టమైతే చెప్పండి, నేను రాసిపెడతాను.