చెవిలో నాడి చప్పుడు మెడ సరిచేసుకుంటే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 41. పదిహేనేళ్లుగా ఇంట్లోనే బట్టలు కుడుతున్నాను. నాలుగు నెలలుగా రాత్రి పడుకోగానే కుడిచెవిలో గుండె కొట్టుకుంటున్నట్టు చప్పుడు వినిపిస్తోంది. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్ల పని ఎక్కువై మెడ పట్టేసినప్పుడు అది మరీ పెరుగుతోంది. చెవి చూసిన డాక్టరుగారు గులిమి లేదని, కర్ణభేరి బాగుందని చెప్పారు. కూర్చునే తీరు మార్చుకుంటే తగ్గుతుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తగ్గవచ్చునమ్మా. కాని మెడ సంగతికి వచ్చేముందు తేల్చుకోవలసినది ఒకటుంది. చప్పుడు వినిపిస్తున్నప్పుడే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. రెండూ ఒకే లయలో నడుస్తుంటే అది మామూలు చెవిహోరు కాదు. రక్తహీనత, థైరాయిడ్ అతిగా పనిచేయడం, అధిక రక్తపోటు, మెడలోని ధమని సన్నబడటం, తలలోని రక్తనాళాల్లో తేడాలు, మెదడు చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి పెరగడం వంటివి దీనికి కారణం కావచ్చు. చెవిలోకి చూసినంత మాత్రాన ఇవన్నీ బయటపడవు. అందుచేత రక్తపోటు, హిమోగ్లోబిన్, థైరాయిడ్, వినికిడి పరీక్షలతో పాటు, ఈఎన్‌టీ నిపుణుల సలహా మేరకు తల, మెడ రక్తనాళాల స్కానింగ్ కూడా చేయించుకోండి. ఖర్చుకు జంకి దీన్ని వాయిదా వేయవద్దని మరీమరీ కోరుతున్నాను. తలనొప్పితో చూపు మసకబారినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా, మూతి వంకర పోయినా, కాలుచేతులు స్వాధీనం తప్పినా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి.

పరీక్షల్లో ఏమీ తేలకపోతే అప్పుడు మెడను అనుమానించడం సబబు. మెడ పైభాగం నుంచి, దవడ నుంచి వచ్చే నరాల సంకేతాలు మెదడులో వినికిడికి సంబంధించిన కేంద్రానికి కూడా చేరతాయి కనుకనే కొందరికి పళ్లు బిగించినా, తల పక్కకు తిప్పినా చెవిలోని చప్పుడు మారుతుంది. మీకూ అలా మారుతోందేమో గమనించి డాక్టరుగారికి చెప్పండి.

తల బరువు సుమారు 5 కిలోలు. సూది కింద కుట్టు కనబడాలని మీరు ముందుకు వంగినకొద్దీ ఆ బరువంతా మెడ వెనక, భుజాల మీది కండరాలపైన పడుతుంది. కనుక స్టూలు ఎత్తు సరిచేసుకుని, సూది మీద పడేలా దీపం పెట్టుకుని, కుట్టును మీ కంటి దగ్గరకు రానివ్వండి. అరగంటకోసారి లేచి గోడకు వీపు ఆనించి నిలబడి, గడ్డం పైకెత్తకుండా తలను మెల్లగా వెనక్కి జరిపి 5 సెకన్లు ఉంచండి; ఇలా పదిసార్లు చేయండి. దారాన్ని పంటితో కొరికే అలవాటుంటే మానండి, దవడ కండరాలు బిగియడానికి అదొక కారణం. రాత్రి రెండు దిండ్లు వద్దు, మెడకు ఆసరానిచ్చే దిండు ఒక్కటి చాలు.

మెడను చటుక్కున తిప్పి టక్కుమనిపించే వైద్యానికి మాత్రం ఒప్పుకోకండి; అందువల్ల మెడలోని రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది. వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుని, చప్పుడు ఏ రోజు ఎంతుందో రాసుకుంటూ ఆరు వారాలు చేసి చూడండి. తగ్గకపోతే ఆ కాగితంతోనే మళ్లీ ఈఎన్‌టీ నిపుణులను కలవండి.